అద్దాల మేస్త్రికి లెక్కకు రాని పదకొండేళ్లు

కుడికాలేదో ఎడమకాలేదో తెలియని వాళ్లను మూడు నెలల్లో కవాతుకు నిలబెట్టిన వాడిని నేను. రొట్టెల భట్టీలో పిండి పిసికేవాళ్లు, బస్సు కండక్టర్లు, తాపీ పనివాళ్లు, ఉత్తరాలు పంచేవాళ్లు, ఆఖరికి ఒక పళ్ల డాక్టరు కూడా నా చేతి కింద నడక నేర్చుకున్నారు. మూడో కంపెనీకి పదకొండేళ్లు సార్జెంటుగా చేశాను. ఆ పదకొండేళ్లలో ఏడుసార్లు కవాతు కప్పు మాదే. రెజిమెంటు నూరేళ్ల చరిత్రలో ఇంకే కంపెనీకీ అన్ని కప్పులు లేవు. నేను చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. అయినా జనరల్ గారు నా భుజం తట్టి, "సార్జెంట్, నీ మనుషులు గోడ మీద గీసిన గీతలా ఉన్నారయ్యా" అన్నారు. ఆ మాట చెవులారా విన్నవాళ్లు ఇంకా ముగ్గురు బతికే ఉన్నారు. కావాలంటే అడగవచ్చు.

ఇంత చెప్పుకున్నవాడు ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను నడక నేర్పలేకపోయిన మనిషి ఒక్కడున్నాడు. అతను నా బావమరిది, నా భార్యకు సొంత తమ్ముడు. ఇది అతని కథ.

మాది రిజర్వు పదాతి రెజిమెంటు. అంటే వారమంతా ఎవరి పని వాళ్లు చేసుకుని, శనివారాలు యూనిఫాం తొడుక్కునే సైన్యం. ఏడాదికి పదిహేను రోజులు క్యాంపు. అసలు సైన్యం వాళ్లు మమ్మల్ని "శనివారం సిపాయిలు" అని ఆటపట్టించేవారు. ఆటపట్టించనివ్వండి. మా రెజిమెంటు పుట్టింది నూరేళ్ల కిందట. ఇటుక బట్టీల కూలీలు, మిల్లు కార్మికులు, స్టేషన్లో మూటలు మోసేవాళ్లు కలిసి పెట్టుకున్న దళం అది. మొదట్లో తుపాకులు లేవు. ఒక వడ్రంగి చెక్కి ఇచ్చిన కర్ర తుపాకులతో ఆరు నెలలు కవాతు చేశారు. ఆ తరవాత యుద్ధానికి పంపిస్తే, ఒక బోడిగుట్ట మీద మూడు రోజులు గుక్కెడు నీళ్లు లేకుండా నిలిచారు. వెళ్లినవాళ్లలో సగం మందే తిరిగివచ్చారు. తరవాతి యుద్ధంలో రైలు వంతెనలకు కాపలా కాశారు. యుద్ధాలు అయిపోయాక ఈ రెజిమెంటు అక్కర్లేదని పైవాళ్లు కాగితం మీద కొట్టేశారు. మనవాళ్లు ఆగారా? రెండేళ్లు జీతమూ యూనిఫామూ లేకుండా, రొట్టెల భట్టీ వెనక షెడ్డులో ప్రతి శనివారం కలుసుకుని కవాతు చేశారు. మూడో ఏడు వరదలొచ్చి ఊరు సగం మునిగితే, ఇసుక బస్తాలు మోసి గట్టును నిలబెట్టింది ఆ కొట్టేసిన రెజిమెంటే. అప్పుడు పైవాళ్లకు సిగ్గేసి మళ్లీ పేరు రాశారు.

అలాంటి రెజిమెంటులోకి నా బావమరిదిని నేనే తెచ్చాను. మా పెళ్లయిన ఏడాదికి, "ఒరేయ్, శనివారాలు ఖాళీగా కూర్చుంటున్నావు, పద" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

అతని పని కిటికీలకు అద్దాలు బిగించడం. ఊళ్లో అందరూ అద్దాల మేస్త్రి అనేవారు. పొద్దున్నే వీపుకు ఒక చెక్క చట్రం తగిలించుకుని, అందులో నిలువెత్తు అద్దాలు దోపుకుని బయలుదేరేవాడు. దూరం నుంచి చూస్తే ఆకాశం ముక్క నడిచి వస్తున్నట్టుండేది. పదమూడో ఏట నుంచి అదే బరువు. అందుకని అతని నడకే వేరుగా తయారయింది. కాలు ముందు పెట్టి, నేల ఒప్పుకుందని తెలిశాక బరువు వేసేవాడు. జానెడు జానెడు అడుగులు. భుజాలు కదలకూడదు, తల తిరగకూడదు. వీధిలో నడవడానికి అంతకంటే మంచి నడక లేదు. కవాతులో మాత్రం అది శని.

నేను చేయని ప్రయత్నం లేదు. నేల మీద సుద్దతో గీతలు గీశాను. మోకాలికి తాడు కట్టి లాగాను. "అడుగు పెద్దది వెయ్యరా, నీ వీపు మీద ఏమీ లేదు!" అని గొంతు చించుకున్నాను. "తెలుసు బావా, నాకు తెలుసు. నా కాళ్లకే తెలియడం లేదు" అనేవాడు. తుపాకి పేల్చమంటే కంపెనీలో రెండోవాడు. క్యాంపులో గుడారం వేయమంటే మొదటివాడు. కొండ ఎక్కేటప్పుడు అలసిపోయినవాడి మూట కూడా తనే మోసేవాడు. పరేడు మైదానంలోకి వచ్చేసరికి మాత్రం ఎనభై తొమ్మిది మంది ఒక గీతలా నడుస్తుంటే అతనొక్కడు జానెడు వెనక. మంచి బట్టకు చిన్న చిరుగులా కనబడేవాడు.

ఏడాదికోసారి పెద్ద పరేడు ఉంటుంది. జనరల్ గారు వచ్చి చూసి, బాగా నడిచిన కంపెనీకి కప్పు ఇస్తారు. పరేడుకు ఎవరైనా రాకపోతే కంపెనీకి మార్కులు తగ్గుతాయి. జబ్బు చేసినవాడిని మాత్రం లెక్కలోంచి తీసేస్తారు, మార్కులు తగ్గవు. నేను సార్జెంటునైన మొదటి ఏడు, పరేడుకు రెండు రోజుల ముందు అతని దగ్గరికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తల గోక్కుంటుంటే అతనే నవ్వాడు.

"చెప్పు బావా. నన్ను పక్కన పెడతావు, అంతేగా?"

"ఒక్క ఏడాదికేరా."

"రాసుకో. నా కాళ్లకు జ్వరమొచ్చిందని రాసుకో."

హాజరు పట్టీలో అతని పేరుకు ఎదురుగా "అనారోగ్యం" అని రాసి సంతకం పెట్టాను. ఆ ఏడు కప్పు మాదే. గెలుపు రుచి తెలిశాక మానడం కష్టం. రెండో ఏడు అడగనే లేదు, రాసేశాను. మూడో ఏడు నుంచి అతనే పరేడు రోజు పొద్దున్నే వచ్చి, "బావా, నాకు ఒంట్లో బాగోలేదోయ్" అని ఈల వేసుకుంటూ మా డ్రిల్ హాలు వెనక్కి వెళ్లిపోయేవాడు. అలా పదకొండేళ్లు. నిజానికి ఆ మనిషికి జలుబు చేయడం కూడా నేను చూడలేదు.

మేమిద్దరం రిటైరయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు రెజిమెంటుకు నూరేళ్లు. చరిత్ర పుస్తకం వేయాలని కర్నల్ గారు అనుకున్నారు. రాసే బాధ్యత కెప్టెన్ గారికి అప్పగించారు. ఆవిడ వారమంతా బళ్లో చరిత్ర పాఠాలు చెబుతుంది, శనివారం కెప్టెను. మేమందరం కెప్టెనమ్మ అంటాం. పుస్తకం చివర, ఇరవై ఏళ్లకు తక్కువ కాకుండా పనిచేసిన వాళ్ల జాబితా వేయాలని నిర్ణయించారు. పాత వారపు హాజరు పట్టీలన్నీ ఎప్పుడో చిత్తు కాగితాల కింద పోయాయి. తోలు అట్టలతో కుట్టించి బీరువాలో దాచినవి పెద్ద పరేడు పట్టీలు మాత్రమే. అందుకని ఒక పెద్ద పరేడుకు హాజరైతే ఒక ఏడు పనిచేసినట్టు లెక్క కట్టారు. వేరే దారి లేదు, తప్పు పట్టడానికీ లేదు.

జాబితా తయారుచేసి డ్రిల్ హాలు గోడకు అంటించారు. నూట పద్నాలుగు పేర్లు. తప్పులుంటే పది రోజుల్లో చెప్పమన్నారు.

ఆ శనివారం పాతవాళ్లం అందరం వెళ్లాం. నా పేరు తొమ్మిదో వరసలో ఉంది. ముప్పై ఒక్క ఏడు. నాలుగుసార్లు చదువుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే బావమరిది ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు. వేలు పెట్టి పైనుంచి కిందకి వెళుతున్నాడు. కిందకి వచ్చాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు.

రిటైరయిన బస్సు కండక్టరు ఒకడున్నాడు, నోరు ఊరుకోదు. "ఏంటి అద్దాల మేస్త్రీ, కనబడట్లేదా? కళ్లజోడు అద్దాలు కూడా నువ్వే కోసుకున్నావా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మూడోసారి వేలు పైనుంచి కిందకి వచ్చింది. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి.

"లేదా నీ పేరు?" అన్నాడు కండక్టరు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదనుకున్నాడు కాబోలు, "అయినా నువ్వు మాతో కలిసి నడిచిందెప్పుడులే" అనేశాడు.

నా బావమరిది కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "అవున్లే" అన్నాడు. అంతే. అందరికీ చెప్పి, టీ తాగకుండా వెళ్లిపోయాడు.

 అతని పేరు ఎందుకు లేదో ఆ హాల్లో తెలిసింది నాకొక్కడికే. అతను పనిచేసింది ఇరవై నాలుగేళ్లు. అందులోంచి పదకొండు తీస్తే పదమూడు. ఏడో తరగతి లెక్క చాలు.

నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఐదో రోజు అతని భార్య మా ఇంటికి వచ్చింది. నన్ను అన్నయ్య గారూ అంటుంది, నెమ్మదైన మనిషి. "అన్నయ్య గారూ, ఆయన నడుముకు మీ రెజిమెంటు బెల్టే ఎప్పుడూ. పనికి వెళ్లినా అదే, పెళ్లికి వెళ్లినా అదే. మొన్న తీసి పాత సామాను సంచిలో పడేశారు. ఏమైందంటే ఏమీ లేదంటారు. అన్నం మాత్రం కెలుకుతూ కూర్చుంటారు" అంది. ఆవిడ వెళ్లాక నా భార్య పొయ్యి ఆర్పేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, మా తమ్ముడు శనివారం శనివారం వెళ్లేవాడు కదా. మా అమ్మ పోయిన వారం కూడా వెళ్లాడు. వాడి పేరెందుకు లేదు?"

"ఏదో... కమిటీవాళ్ల లెక్క..."

"నీళ్లు నమలకండి. మీ చెవులు ఎర్రబడ్డాయి."

నలభై ఐదేళ్ల కాపురం. దాచేదేముంది? చెప్పేశాను. ఆవిడ అరవలేదు. గోడ మీద వరసగా ఉన్న నా కప్పుల ఫొటోల వంక చూసింది. "ఏడు ఫొటోలు. రోజూ దుమ్ము దులిపేది నేనే. ఒక్కదాంట్లో కూడా మా తమ్ముడు లేడేమిటా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు చూడండి, నా బుద్ధికి" అంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"రేపే వెళ్లి చెప్పండి."

"చెబితే కప్పులు పోతాయే."

"పోతే పోనివ్వండి. దులిపే పని తగ్గుతుంది."

మర్నాడు బడి వదిలే వేళకు వెళ్లి కెప్టెనమ్మను కలిశాను. ఖాళీ అయిన తరగతి గదిలో, నల్లబల్ల మీద ఇంకా ఏవో రాజుల తేదీలున్నాయి. పిల్లలు కూర్చునే బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ సంచిలోంచి తోలు అట్ట పుస్తకాలు తీసింది.

"ఈయన్ని చూసి నేను చాలా జాలిపడ్డాను సార్జెంటు గారూ. పదకొండేళ్లు వరసగా, సరిగ్గా అదే రోజున జబ్బు. ఇంత రోగిష్టి మనిషిని రెజిమెంటు ఎలా ఉంచుకుందా అనుకున్నాను."

"ఇప్పటికీ నాకంటే గట్టిగా ఉన్నాడమ్మా."

"కానీ చూడండి. ఇక్కడ పదకొండు సంతకాలు ఒక మాట చెబుతున్నాయి. ఇప్పుడు మీ నోరు ఇంకో మాట చెబుతోంది. రెండూ మీవే. నేను దేన్ని నమ్మాలి?" అని కొంచెం మెత్తబడింది. "మీ బావమరిది కోసం చెబుతున్నారని రేపు ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. పరేడు రోజుల్లో ఆయన ఇక్కడే డ్యూటీలో ఉన్నాడని, మీ నోటిమాట కాకుండా ఇంకేదైనా చూపించండి. ఏడేళ్లకు చూపిస్తే చాలు, ఇరవై అవుతాయి. శనివారం సాయంత్రం ఐదింటికి జాబితా అచ్చుకు వెళ్లిపోతుంది."

ఆ రోజు గురువారం.

అక్కడి నుంచి నేరుగా బావమరిది ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని, కోయగా మిగిలిన అద్దం ముక్కలను కొలతల వారీగా సర్దుతున్నాడు. నన్ను చూసి పీట జరిపాడు కానీ తలెత్తలేదు.

"అక్క చెప్పింది, కెప్టెనమ్మ దగ్గరికి వెళ్లావంటగా."

"వెళ్లాను."

"నన్నడక్కుండా?"

"అడిగితే వద్దంటావు."

"ఇప్పుడంటున్నా. వద్దు. ఆ కప్పులు నీ ఒక్కడివా బావా? ఎనభై తొమ్మిది మంది మడమలు పగిలేలా నడిచి తెచ్చుకున్నారు. నా పేరు కోసం వాళ్ల చేతిలోంచి లాగేస్తే వీధిలో ఎలా తిరగను?"

"మరి ఆ రోజు గోడ దగ్గర నీ మొహం నేను చూశాను కదరా."

చేతిలోని అద్దం ముక్క కింద పెట్టాడు.  "బాధేసింది. అబద్ధమెందుకు. మూడుసార్లు వెతుక్కున్నాను కదా, మూడోసారికి నాకే అనుమానమొచ్చింది బావా. నేను అసలు ఉన్నానా అని" అన్నాడు.

 అప్పుడే అతని భార్య నీళ్లు తెచ్చి ఇస్తూ, "ఆ పరేడు రోజుల్లో ఆయన చేత మీరు చేయించింది ఏం పని అన్నయ్య గారూ?" అని అడిగింది.

"ఏముందమ్మా, కిటికీలు." డ్రిల్ హాలును వారం మధ్యలో బంతాటలకు ఇచ్చేవారు. ఎప్పుడు చూసినా నాలుగైదు అద్దాలు పగిలి ఉండేవి. జనరల్ గారు వచ్చేలోపు వాటిని మార్చాలి. యూనిఫాంలో వచ్చి, చొక్కా చేతులు మడిచి, ఏటా ఆ పని చేసేది అతనే. మేము ముందు కవాతు చేస్తుంటే అతను వెనక అద్దాలు బిగించేవాడు.

"అయితే తేదీ ఉంటుంది కదండీ" అంది ఆవిడ, భర్త వైపు తిరిగి. "అద్దం వేసినప్పుడల్లా గీస్తారుగా."

అతను ఆవిడ వంక, తరవాత నా వంక చూశాడు. "గీస్తాను" అన్నాడు నెమ్మదిగా. "పని నేర్పినాయన పెట్టిన అలవాటు. వజ్రపు మొనతో అంచున తేదీ గీసి, దాని మీద అద్దం కదలకుండా పట్టే లప్పం పెట్టేస్తాం. లప్పం తొందరగా రాలిపోతే, ఎప్పుడు పెట్టింది, తప్పు మనదా ఎండదా అని చూసుకోవడానికి. తీస్తే గానీ కనబడదు."

ఏడు కప్పులు గెలిచిన బుర్ర నాది. నలభై ఏళ్లుగా ఆ మనిషి పని చూస్తూ ఈ సంగతి తెలియదు.

"కప్పులు, బావా..." అన్నాడు మళ్లీ.

"అది నా సంతకంరా. నీది కాదు. నీ పని అద్దాలు తీయడం. శనివారం పొద్దున్నే తయారుగా ఉండు."

శనివారం పదింటికి హాల్లో ఉన్నాం. కెప్టెనమ్మ పెద్ద పరేడు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, భూతద్దం పట్టుకుని వచ్చింది. హాలుకు ముప్పై ఆరు కిటికీలు. ఒక్కో దానికి ఆరేసి అద్దాలు. "ఇన్నింటిలో మీవి ఎలా గుర్తుపడతారు?" అని అడిగింది.

"నా లప్పం నాకు తెలుస్తుంది మేడం. మూల దగ్గర బొటనవేలితో నొక్కుతాను. అందరూ కత్తితో లాగి వదిలేస్తారు."

నిచ్చెన ఎక్కి, కిటికీ కిటికీకీ మూలలు తడిమి చూస్తూ వెళ్లాడు. "ఇది నాది కాదు. ఇది నాదే. ఇది ఎవడో కొత్తవాడు పెట్టాడు, సుద్ద ఎక్కువయింది" అని గొణుక్కుంటూ. మొదటి దాని మీద మూడు పూతల రంగు, దాని కింద రాయిలా గట్టిపడిన లప్పం. చిన్న ఉలితో అంగుళం అంగుళం లేపాడు. అంచు బయటపడింది. కెప్టెనమ్మ నిచ్చెన రెండో మెట్టెక్కి భూతద్దం పెట్టింది. రోజు, నెల, ఏడాది చదివి, కిందకి దిగి కాగితం చూసింది.

"ఆ ఏటి పెద్ద పరేడు రోజే" అంది. "ఒకటి."

అప్పటికి పాతవాళ్లు ఒక్కొక్కరే చేరారు. సంగతేమిటని అడిగినవాడికల్లా నేనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తల కొట్టేసినట్టే ఉంది, అయినా చెప్పాను. కండక్టరు కూడా విన్నాడు. వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు. సాయంత్రం దాకా వదలలేదు. "గట్టిగా పట్టుకో, టికెట్ అడగనులే" అని పైనుంచి బావమరిది అంటే, "నువ్వు పడితే పేరు రాయించుకునేవాడుండడు, నోరు మూసుకుని పని చూడు" అన్నాడు.

మామూలు శనివారాల తేదీలు కూడా చాలా వచ్చాయి. అవి పనికిరావు. మధ్యాహ్నానికి నాలుగు కుదిరాయి. తరవాత స్టోరు గదిలో ఇంకొకటి, ఐదు. పడమటి గోడలో ఏమీ లేవు. పదేళ్ల కిందటి వడగళ్ల వానకు ఆ పక్క అద్దాలన్నీ పోయాయి. మూడింటికి ఇంకొకటి దొరికింది. ఆరు. ఆ తరవాత ఎంత తడిమినా అతని బొటనవేలు గుర్తు ఇంకెక్కడా లేదు.

మూడున్నర అయింది. అతను నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు. "చాల్లే బావా. ఆరు దొరికాయిగా. నేనున్నానని నాకు తెలిసింది" అన్నాడు. మొహం మామూలుగానే పెట్టాడు కానీ ఉలి మాత్రం సంచిలో పెట్టలేదు.

"ఏరా, మొదటి ఏడు ఎక్కడ వేశావు? నాకు హాల్లో కనబడలేదు ఆ రోజు."

 "మొదటి ఏడా? జనరల్ గారు మొహం కడుక్కోవడానికి ఇచ్చిన గది. దాని అద్దం పగిలి ఉంటే..."

ఆ గది ఇప్పుడు కర్నల్ గారి ఆఫీసు.

కర్నల్ గారు వారమంతా బీమా ఆఫీసులో మేనేజరు. కాగితం లేనిదే మాట నమ్మరని పేరు. తలుపు తట్టి నేనే ముందు వెళ్లాను. అటెన్షన్‌లో నిలబడి, కిటికీ గురించి తరవాత, ముందు పదకొండు సంతకాల గురించి చెప్పాను. ఏదీ దాచలేదు. ఆయన కలం మూత పెట్టి విన్నారు.

"పరేడులో నడిచింది ఎనభై తొమ్మిది మంది. వాళ్లు నడిచింది నిజమేనా?" అన్నారు.

"నిజం సార్."

"అందరికంటే బాగా నడిచారా?"

"ఆ ఏడుసార్లూ సార్."

"అయితే కప్పు వాళ్లది. దాన్ని ఎవరూ తీయలేరు. అబద్ధం మాత్రం మీది." కెప్టెనమ్మ వైపు తిరిగారు. "రెండూ పుస్తకంలో రాయండి. సార్జెంటు పేరుతో సహా." తరవాత నన్ను చూశారు. "అభ్యంతరముందా?"

"రాయించండి సార్" అన్నాను.  వారం రోజులుగా గుండెల మీద కూర్చున్న రాయి ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టయింది. సిగ్గుపడతాననుకున్నాను. ఊపిరి ఆడింది.

"ఇక నా కిటికీ తీయండి. వర్షం మాత్రం రాకుండా చూసుకోండి" అన్నారు ఆయన, కుర్చీ వెనక్కి జరుపుకుని.

నా వెనకే వచ్చిన బావమరిది కిటికీ మూల బొటనవేలితో తడిమాడు. అక్కడే ఆగిపోయాడు.  ఈ లప్పం అన్నింటికంటే పాతది, ఉలికి లొంగలేదు. అద్దం పగిలితే తేదీ కూడా పోతుంది. చెమట ముక్కు మీంచి కారుతుంటే తుడుచుకోకుండా, గోటితో గీరినట్టు గీరాడు. నాలుగుంబావుకు అద్దం చట్రంలోంచి బయటికి వచ్చింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని వెలుగుకు పెట్టాడు.

కెప్టెనమ్మ చదివింది. కాగితం చూసింది. మళ్లీ చదివింది.

"ఏడు" అంది. "పదమూడు, ఏడు. ఇరవై."

తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డ పాతవాళ్లు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కసారిగా "ఇరవై!" అన్నారు. కండక్టరు గొంతు అందరికంటే పెద్దది. నా బావమరిది అద్దాన్ని ముందు బల్ల మీద భద్రంగా పడుకోబెట్టాడు. అప్పుడు కూర్చున్నాడు, కర్నల్ గారి ఆఫీసులో నేల మీదే. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పోల్చుకోలేకపోయాను. "అక్కకు ఫోన్ చెయ్యి బావా" అన్నాడు. "నువ్వు చెబితే నమ్మదు, నాకివ్వు, నేనే చెబుతా."

కెప్టెనమ్మ జాబితా కాగితం తెచ్చి, చివరి పేరు కింద కలంతో అతని పేరు రాసింది. పేరు పక్కన వృత్తి రాసే గడి ఉంది. "అద్దాల మేస్త్రి" అని రాసి, అతనికి చూపించింది. అతను కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదువుకున్నాడు. ఈసారి ఒక్కసారే. నాలుగు గంటల నలభై నిమిషాలకు కాగితం అచ్చాఫీసుకు వెళ్లింది.

ఆ పుస్తకంలో నా గురించి రెండుచోట్ల ఉంది. ఒకటి ఏడు కప్పుల గురించి, ఇంకొకటి పదకొండు సంతకాల గురించి. రెండూ నిజమే. నేను ఎవరికి చూపించినా రెండు పేజీలూ చూపిస్తాను. అలా రెండు పేజీల్లోకి ఎక్కిన సార్జెంటు మా రెజిమెంటులో ఇంకొకడు లేడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి కదా.

ఆ సాయంత్రం ఇంకో పని మిగిలింది. కర్నల్ గారి కిటికీ బోసిగా ఉంది, ఆకాశం మబ్బు పట్టింది. హాలులో తీసిన అంచులన్నీ కూడా పూడ్చాలి. బావమరిది కొత్త లప్పం పిసికి తెచ్చాడు. అద్దాన్ని చట్రంలో నిలబెట్టి, పట్టుకోవడానికి మనిషి కావాలని చుట్టూ చూశాడు. నేను వెళ్లాను.

"రెండు అరచేతులూ ఆనించు బావా. వేళ్లు కాదు. నొక్కకు. కాళ్లు దగ్గరగా పెట్టు. ఆ, అలా. ఊపిరి మెల్లగా పీల్చు."

"ఎంతసేపు?"

"నేను చాలు అనేదాకా. మాట్లాడితే అద్దం అదురుతుంది."

కంపెనీలో సగం మంది తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను కదల్లేదు. అతను కింది అంచు నుంచి మొదలుపెట్టి, నింపాదిగా, బొటనవేలితో నొక్కుకుంటూ పైకి వచ్చాడు. తొందరేమీ లేదు.